పరిశోధన గ్రాంటుకు ప్రపోజల్: కాల్ చదవడం నుంచి యూసీ (వినియోగ ధ్రువపత్రం) పంపే దాకా

యూనివర్సిటీల్లో, కాలేజీల్లో కొత్తగా చేరిన అధ్యాపకులు ఎక్కువగా అడిగేది ఒక్కటే: "ఫార్మాట్ ఉంటే పంపండి సార్." ఫార్మాట్ పోర్టల్‌లో అందరికీ దొరుకుతుంది. దాన్ని ఏ వరుసలో నింపాలి, ఎక్కడ ఎక్కువ సమయం పెట్టాలి అన్నది మాత్రం అందులో ఉండదు. కేంద్ర ప్రభుత్వ నిధులతో నడిచే సైన్స్ గ్రాంట్లను, ముఖ్యంగా అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ (ఏఎన్ఆర్ఎఫ్) తరహా ప్రాజెక్టులను దృష్టిలో పెట్టుకుని ఆ వరుసే ఇక్కడ ఇస్తున్నాం. గతంలో ఈ గ్రాంట్లు ఇచ్చిన సెర్బ్ (సైన్స్ అండ్ ఇంజనీరింగ్ రీసెర్చ్ బోర్డ్) 2024లో ఏఎన్ఆర్ఎఫ్‌లో కలిసిపోయింది. కాబట్టి సీనియర్ల దగ్గర దొరికే సెర్బ్ ప్రపోజళ్లు ఎలా రాయాలో చూసుకోవడానికి పనికొస్తాయి. నిబంధనల కోసం వాటిని నమ్మకండి.

## 1. ముందు ఏ తలుపు తట్టాలో తేల్చుకోండి

ఐడియా మంచిదైనా తప్పు తలుపు తడితే తొలి వడపోతలోనే ఆగిపోతుంది. స్థూలంగా దారులు ఇవీ:

- మౌలిక సైన్స్, ఇంజనీరింగ్: ఏఎన్ఆర్ఎఫ్. ఉద్యోగంలో కొత్తగా చేరినవారికి ప్రైమ్ మినిస్టర్ ఎర్లీ కెరీర్ రీసెర్చ్ గ్రాంట్ ఉంది. 2024లో వచ్చిన తొలి కాల్‌లో (దరఖాస్తులు కోరుతూ ఇచ్చే ప్రకటనలో) వయోపరిమితి 42, మూడేళ్లకు గరిష్ఠంగా 60 లక్షలు, ఓవర్‌హెడ్ (సంస్థకు వెళ్లే వాటా) విడిగా.
- పర్మనెంట్ ఉద్యోగం లేకుండా పీహెచ్‌డీ చేతిలో ఉన్నవారు: డీఎస్‌టీ (కేంద్ర శాస్త్ర, సాంకేతిక విభాగం) ఇన్‌స్పైర్ ఫ్యాకల్టీ, ఏఎన్ఆర్ఎఫ్ పోస్ట్‌డాక్ ఫెలోషిప్.
- జీవశాస్త్రం, బయోటెక్నాలజీ: డీబీటీ (కేంద్ర బయోటెక్నాలజీ విభాగం). బయోమెడికల్ ఫెలోషిప్‌ల కోసం హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే ఇండియా అలయన్స్.
- వైద్యం, ప్రజారోగ్యం: ఐసీఎంఆర్.
- అంతరిక్షం: ఇస్రో రెస్పాండ్. అణు రంగం: బీఆర్ఎన్ఎస్ (అణుశాస్త్ర పరిశోధన బోర్డు). రక్షణ: డీఆర్‌డీఓ.
- పరిశోధనను ఉత్పత్తిగా మార్చాలనుకునే స్టార్టప్: బైరాక్ (బయోటెక్ పరిశ్రమకు తోడ్పడే కేంద్ర ప్రభుత్వ సంస్థ) వారి బిగ్ గ్రాంటు. 18 నెలలకు 50 లక్షల దాకా ఇస్తారు.

ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు, ఒకే ప్రపోజల్‌ను శీర్షిక మార్చి మూడు చోట్లకు పంపడం. చాలా ఫారాల్లో "ఇదే ప్రపోజల్ వేరే చోట పెట్టారా" అనే గడి ఉంటుంది, అక్కడ అబద్ధం రాస్తే ధ్రువీకరణ మీద మీ సంతకం ఉంటుంది. పైగా ఒక సబ్జెక్టులో ప్రపోజళ్లను పరిశీలించే నిపుణులు, అంటే రిఫరీలు, కొద్దిమందే. రెండు సంస్థల నుంచీ మీ ప్రపోజల్ ఒకరి దగ్గరికే చేరవచ్చు.

## 2. కాల్‌ను పెన్సిల్‌తో చదవండి

కాల్ డాక్యుమెంట్ ప్రింటు తీసుకుని ఈ కింది అంశాల కింద గీత గీయండి:

- వయసు ఏ తేదీ నాటికి లెక్కిస్తారు? సడలింపు ఎవరికి, ఎన్నేళ్లు?
- ఉద్యోగంలో చేరి ఎంత కాలం లోపు ఉండాలి? కాంట్రాక్టు ఉద్యోగం చెల్లుతుందా?
- మీ దగ్గర ఇప్పటికే నడుస్తున్న ప్రాజెక్టు ఉంటే దరఖాస్తు చేయవచ్చా?
- ప్రైవేటు కాలేజీ అయితే డీఎస్ఐఆర్ (కేంద్ర శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన విభాగం) గుర్తింపు కావాలా?
- బడ్జెట్ పరిమితిలో ఓవర్‌హెడ్ కలిసే ఉందా, విడిగానా?
- పేజీలు, అక్షరాల పరిమితి, ఫైలు సైజు.

ఏ ఒక్కటి తేడా వచ్చినా సైన్స్ చదవకుండానే పక్కన పెడతారు. సందేహం ఉంటే కాల్‌లో ఇచ్చిన ఈమెయిల్‌కు రాసి, జవాబు దాచుకోండి. తోటి లెక్చరర్ మాట ఆధారం కాదు.

## 3. లక్ష్యాల పేజీ: సగం సమయం ఇక్కడే పెట్టండి

ప్యానెల్‌లో ఉన్న పదిహేను మందిలో మీ ప్రపోజల్‌ను మొదటి నుంచి చివరి దాకా చదివేవారు ఇద్దరో ముగ్గురో. మిగతావారు సారాంశం, లక్ష్యాలు, బడ్జెట్ చూస్తారు. అందుకే లక్ష్యం చదవగానే "ఏం కొలుస్తారు, ఎన్ని, దేనితో పోల్చి" అన్నది తెలియాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. అనంతపురం వేరుశనగలో అఫ్లాటాక్సిన్, అంటే ఆస్పర్‌జిల్లస్ బూజు వదిలే విషం. సాధారణంగా ఇలా రాస్తారు:

"అనంతపురం జిల్లా వేరుశనగలో అఫ్లాటాక్సిన్ సమస్యను సమగ్రంగా అధ్యయనం చేయడం."

ఇది లక్ష్యం కాదు, టాపిక్. రిఫరీకి ఇందులో ఒప్పుకోవడానికీ ఏమీ లేదు, కాదనడానికీ ఏమీ లేదు. దీన్నే ఇలా మార్చండి:

"కోతకు ముందు వారాల్లో వచ్చే నీటి ఎద్దడికీ గింజలో అఫ్లాటాక్సిన్ మోతాదుకూ ఉన్న సంబంధాన్ని కదిరి-6, కదిరి లేపాక్షి రకాల్లో, మూడు తేమ స్థాయిల్లో, రెండు ఖరీఫ్‌ల పాటు కొలవడం."

ఇప్పుడు ప్రయోగం కళ్ల ముందుకొచ్చింది. ఎన్ని ప్లాట్లు, ఎన్ని శాంపిళ్లు, ఎంత ఖర్చు అన్నవన్నీ ఈ ఒక్క వాక్యం నుంచే లెక్కకట్టవచ్చు. ఇలాంటివి మూడు చాలు. ఐదారు రాశారంటే ప్యానెల్ మీ ఉత్సాహాన్ని మెచ్చుకోదు. మూడేళ్లలో అవదని అనుమానిస్తుంది.

రెండో లక్ష్యం మొదటిదాని ఫలితం మీద పూర్తిగా ఆధారపడకూడదు. మొదటిది విఫలమైతే మిగతాదంతా కూలిపోయే ప్రపోజళ్లను రిఫరీలు వెంటనే పట్టేస్తారు.

## 4. విధానం: "జరగకపోతే ఏం చేస్తారు" అన్నది మీరే ముందు రాయండి

పైన చెప్పిన ప్రయోగంలో రిఫరీ అడిగే ప్రశ్నలు దాదాపు ముందే తెలుసు.

- ఎద్దడి పెట్టాల్సిన వారాల్లో వాన పడితే? ప్లాటును కప్పే కదిలే షెల్టర్ ఉంటుందని రాయండి, బడ్జెట్‌లోనూ పెట్టండి. చాలామంది విధానంలో రాసి బడ్జెట్‌లో మర్చిపోతారు.
- ఆ ఏడాది పొలంలో బూజు సహజంగా రాకపోతే? విషం చేసే బూజు రకాన్ని (స్ట్రెయిన్‌ను) మట్టిలో కలుపుతామని, దానికి బయోసేఫ్టీ కమిటీ అనుమతి తీసుకుంటామని రాయండి.
- శాంపిల్ ఎలా తీస్తారు? అఫ్లాటాక్సిన్ అన్ని గింజల్లో సమానంగా ఉండదు. వందల గింజల్లో ఒకటి రెండింటిలోనే దండిగా ఉండి మొత్తం లెక్కను మార్చేస్తుంది. గుప్పెడు గింజలు తీస్తే ఫలితం అదృష్టం మీద ఆధారపడినట్టే. ప్రతి శాంపిల్‌కూ కిలో గింజలు మొత్తం పొడి చేసి, బాగా కలిపి, అందులోంచి చిన్న భాగం తీస్తామని రాయండి. ఈ ఒక్క వాక్యం చూస్తే చాలు, మీకు పని తెలుసని రిఫరీకి అర్థమవుతుంది.

మీ రంగంలోనూ ఇలాంటి గుచ్చే ప్రశ్నలు మూడైనా ఉంటాయి. వాటిని వెతికి, జవాబుతో సహా విధానంలో రాయండి.

ప్రాథమిక ఫలితాలు ఉంటే ఒక బొమ్మ, ఒక పట్టిక. లేకపోతే లేవని వదిలేయండి. పొంతన లేని పాత పేపర్ల బొమ్మలు అతికించకండి.

టైమ్‌లైన్‌ను క్యాలెండర్ నెలల్లో కాకుండా "మొదటి నెల, రెండో నెల" అని రాయాలి, ఎందుకంటే మంజూరు ఎప్పుడొస్తుందో మీ చేతుల్లో లేదు. పంటల పనిలో ఇది మరీ ముఖ్యం. అనంతపురంలో వేరుశనగ విత్తేది జూన్-జూలైల్లో. డబ్బు ఆగస్టులో వస్తే ఆ ఏడాది ఖరీఫ్ పోయినట్టే. "మంజూరు ఖరీఫ్ తర్వాత వస్తే మొదటి ఆరు నెలలు పరీక్ష పద్ధతి సరిచూసుకోవడానికి, గ్రీన్‌హౌస్ ప్రయోగానికి వాడతాం" అని ఒక వాక్యం చేర్చండి.

## 5. బడ్జెట్: కింది నుంచి పైకి కట్టండి

"60 లక్షల దాకా ఇస్తారట, 59 లక్షల 80 వేలు అడుగుదాం" అని మొదలుపెట్టిన బడ్జెట్ చూడగానే తెలిసిపోతుంది. ముందు శాంపిళ్లు లెక్కపెట్టండి, డబ్బు సంగతి తర్వాత.

కన్సూమబుల్స్. మన ఉదాహరణలో 2 రకాలు, 3 తేమ స్థాయిలు, 4 పునరావృతాలు: సీజన్‌కు 24 ప్లాట్లు. ప్లాటుకు 3 శాంపిళ్ల చొప్పున 72. విషం మోతాదు కొలిచే ఎలైసా పరీక్ష ప్లేటులో 96 గుంతలు ఉంటాయి. పోల్చడానికి వాడే, మోతాదు ముందే తెలిసిన 6 స్టాండర్డ్‌లు రెండేసి గుంతల్లో వేస్తే 12 పోతాయి, మిగిలేవి 84. శాంపిల్‌కు రెండు గుంతలు కాబట్టి ప్లేటుకు 42 శాంపిళ్లు. సీజన్‌కు 2 ప్లేట్లు సరిపోతాయి. కానీ విషం మోతాదు ఎక్కువైన శాంపిళ్లు స్టాండర్డ్ గీతను దాటిపోతాయి, వాటిని పలుచన చేసి మళ్లీ పెట్టాలి. దానికి ఒకటి అదనం. సీజన్‌కు 3, రెండు సీజన్లకు 6. కిట్లకు గడువు తేదీ ఉంటుంది, అందుకే ఆరూ మొదటి ఏడాదే కొంటామని రాయకుండా సీజన్ ప్రకారం విడగొట్టండి.

"రసాయనాలు, గాజు సామాను: 8 లక్షలు" అనే వరుస పక్కన ఇలాంటి లెక్క ఉన్న వరుసను పెడితే ప్యానెల్ దేనికి కోత పెడుతుందో వేరే చెప్పాలా? అఫ్లాటాక్సిన్ క్యాన్సర్ కారకం కాబట్టి గ్లౌజులు, ఫ్యూమ్ హుడ్ ఫిల్టర్లు, వాడిన గాజు సామానును శుద్ధి చేసే హైపోక్లోరైట్ ఖర్చు కూడా చూపించాలి.

జీతాలు. ఇక్కడ మీ ఇష్టం వచ్చిన అంకె రాయడానికి లేదు. 2023 జనవరి 1 నుంచి అమలైన రేట్ల ప్రకారం జేఆర్ఎఫ్‌కు (జూనియర్ రీసెర్చ్ ఫెలో) నెలకు 37,000, ఎస్ఆర్ఎఫ్‌కు (సీనియర్ రీసెర్చ్ ఫెలో) 42,000, పైన ఇంటి అద్దె భత్యం. ల్యాబ్ హైదరాబాద్‌లో ఉంటే భత్యం 30 శాతం.

- మొదటి రెండేళ్లు: 37,000 + 11,100 = నెలకు 48,100. ఏడాదికి 5,77,200.
- మూడో ఏడాది ఎస్ఆర్ఎఫ్: 42,000 + 12,600 = నెలకు 54,600. ఏడాదికి 6,55,200.
- మూడేళ్లకు ఒక్క మనిషికి: 18,09,600.

విశాఖ, విజయవాడ, వరంగల్ అయితే 20 శాతమే, అప్పుడు జేఆర్ఎఫ్ నెల మొత్తం 44,400. హైదరాబాద్ స్నేహితుడి ప్రపోజల్ నుంచి బడ్జెట్ కాపీ కొట్టి వరంగల్‌లో పెట్టినవారు ఇక్కడే దొరికిపోతారు. అద్దె భత్యం మొత్తానికే వదిలేయడం అంతకంటే పెద్ద తప్పు. మంజూరయ్యాక ఆ తేడా ఎక్కడి నుంచి తెస్తారు?

పరికరాలు. ప్రతి పరికరానికీ ఇటీవలి కొటేషన్. జీఎస్టీ, దిగుమతి సుంకం, రవాణా, ఇన్‌స్టలేషన్ కలిపిన ధరే రాయాలి. పరిశోధన సంస్థలకు ఒకప్పుడున్న 5 శాతం జీఎస్టీ రాయితీ 2022 జూలై 18 నుంచి లేదు. పాత బిల్లు చూసి అంచనా వేస్తే డబ్బు చాలదు. "ఇది మా సంస్థలో లేదా" అన్న ప్రశ్నకు సమర్థనలోనే జవాబు ఉండాలి: లేదు, లేదా ఉన్నది వారానికి ఇన్ని గంటలే దొరుకుతుంది. కంప్యూటర్లు, ఏసీలు, ఫర్నిచర్ చాలా పథకాల్లో ఒప్పుకోరు, ఒప్పుకున్నా అవే మొదట కోతకు గురవుతాయి.

ప్రయాణాలు. విత్తేటప్పుడు ఒకసారి, ఎద్దడి మొదలయ్యే ముందు ఒకసారి, ఎద్దడి ఉండే మూడు వారాల్లో వారానికోసారి, కోతకు ఒకసారి: సీజన్‌కు ఆరు, మొత్తం పన్నెండు. ఎవరు వెళ్తారో, ఎలా వెళ్తారో రాయండి.

ఓవర్‌హెడ్. మీ సంస్థకు వెళ్లే వాటా. శాతం కాల్‌లో ఉంటుంది. దానిలోంచి మీ ల్యాబుకు ఎంత వస్తుందన్నది మీకూ మీ రిజిస్ట్రార్‌కూ మధ్య విషయం.

ఒకటి గుర్తుంచుకోండి. పరికరాల డబ్బును జీతాలకో రసాయనాలకో మార్చుకోవడం నిధులిచ్చే సంస్థ అనుమతి లేకుండా కుదరదు. కాబట్టి "అన్నీ పరికరాల్లో పెట్టేద్దాం, తర్వాత చూసుకోవచ్చు" అనే సలహా వినకండి.

## 6. కాగితాలు: గడువుకు మూడు వారాల ముందే

ప్రపోజల్ అర్ధరాత్రి పూర్తి చేయవచ్చు, రిజిస్ట్రార్ సంతకం మాత్రం అర్ధరాత్రి దొరకదు.

- సంస్థ అధిపతి ఎండార్స్‌మెంట్: కాల్‌లో ఇచ్చిన నమూనా అక్షరం మారకుండా, లెటర్‌హెడ్ మీద, సంతకం, ముద్ర, తేదీ
- పీఐ (ప్రధాన పరిశోధకులు, అంటే మీరు) ధ్రువీకరణ, కాపీ కొట్టలేదన్న హామీపత్రం
- కో-పీఐ (సహ పరిశోధకులు) వేరే సంస్థలో ఉంటే ఆ సంస్థ నుంచి విడి ఎండార్స్‌మెంట్
- పుట్టిన తేదీ, పీహెచ్‌డీ, కులం లేదా వైకల్య ధ్రువపత్రాలు
- మనుషుల మీద అధ్యయనమైతే నైతిక కమిటీ, జంతువులైతే జంతు నైతిక కమిటీ, జన్యుమార్పిడి లేదా రోగకారక జీవులైతే బయోసేఫ్టీ కమిటీ అనుమతి. కమిటీలు రోజూ కూర్చోవు, తర్వాతి సమావేశం తేదీ ఇప్పుడే కనుక్కోండి
- రైతు పొలంలో, ఆసుపత్రిలో, పరిశ్రమలో పని ఉంటే అక్కడి అంగీకార లేఖ

అప్‌లోడ్ చివరి రోజుకు పెట్టుకోవద్దు. చివరి సాయంత్రం పోర్టల్ నెమ్మదిస్తుంది. డ్రాఫ్టు సేవ్ అయినంత మాత్రాన సబ్మిట్ అయినట్టు కాదు. రిఫరెన్స్ నంబరు వచ్చాక, పోర్టల్ తయారుచేసిన పీడీఎఫ్‌ను దించుకుని ప్రతి పేజీ చూడండి. సమీకరణాలు, గ్రీకు అక్షరాలు గడులుగా మారడం మామూలే.

## 7. లోపల ఏం జరుగుతుంది

వరుస దాదాపు అన్ని చోట్లా ఇదే: అర్హత వడపోత, సబ్జెక్టు తెలిసిన రిఫరీల రాతపూర్వక అభిప్రాయాలు, నిపుణుల కమిటీ, కొన్ని పథకాల్లో ప్రెజెంటేషన్, ఆర్థిక ఆమోదం, మంజూరు ఉత్తర్వు. ఆరు నెలల నుంచి ఏడాది పట్టవచ్చు. ఈ లోపు ఫోన్లు చేయడం వల్ల వేగం పెరగదు. పోర్టల్‌లో స్టేటస్ మారుతుంది, అది చాలు.

కమిటీ ముందు ప్రెజెంటేషన్‌కు పిలిస్తే పది నిమిషాలనుకుని సిద్ధమవండి. ఒక స్లయిడ్ ప్రశ్నకు, రెండు లక్ష్యాలకు, రెండు విధానానికి, ఒకటి మీ ప్రాథమిక ఫలితానికి, ఒకటి బడ్జెట్‌కు. ప్రపంచ జనాభా, వాతావరణ మార్పులతో మొదలుపెడితే మీ లక్ష్యం చెప్పకముందే గంట కొడతారు. "బడ్జెట్ 30 శాతం తగ్గిస్తే ఏది వదులుతారు" అన్న ప్రశ్నకు జవాబు ముందే రాసుకోండి. "అన్నీ ముఖ్యమే సార్" అన్న జవాబు చెప్పినవారికి కోత ఎక్కడ పడుతుందో కమిటీయే నిర్ణయిస్తుంది.

## 8. తిరస్కరణ వస్తే

వ్యాఖ్యలు చేతికొచ్చిన రోజు జవాబు రాయకండి. వారం తర్వాత ఒక పట్టిక వేసుకోండి: ఎడమ వైపు వ్యాఖ్య, కుడి వైపు మీరు చేయబోయే మార్పు.

- "కొత్తదనం లేదు" అంటే చాలాసార్లు మీ పరిచయంలో గత రెండేళ్ల పేపర్లు లేవని.
- "అతిగా ఆశించారు" అంటే ఒక లక్ష్యం తీసేయమని.
- "నైపుణ్యం లేదు" అంటే ఆ పద్ధతి తెలిసిన కో-పీఐని తెచ్చుకోమని. పేరుకు కాదు, ఏ పని వారిదో రాసి.
- రిఫరీ పొరపాటుగా అర్థం చేసుకున్నారనిపిస్తే, అది మీ వాక్యం తప్పు. ఆ వాక్యం తిరిగి రాయండి.

మళ్లీ పంపేటప్పుడు ఏం మార్చారో అర పేజీలో చెప్పే అవకాశం ఉంటే వదులుకోకండి.

## 9. మంజూరయ్యాక

మంజూరు ఉత్తర్వును లెక్కల విభాగంతో కలిసి చదవండి. ఏ హెడ్‌లో (ఖర్చు పద్దులో) ఎంత, గడువు ఎప్పటి నుంచి లెక్క, మొదటి విడత ఎంత అన్నవి అందులోనే ఉంటాయి. డబ్బు పీఎఫ్ఎంఎస్ (ప్రభుత్వ నిధుల చెల్లింపుల ఆన్‌లైన్ వ్యవస్థ) ద్వారా కదులుతుంది. సంస్థ వివరాలు, బ్యాంకు ఖాతా అక్కడ సరిపోలకపోతే విడుదలే ఆగుతుంది.

జేఆర్ఎఫ్ ప్రకటన, పరికరం కొనుగోలు ప్రక్రియ మొదటి నెలలోనే మొదలుపెట్టండి. కేంద్రం 2025 జూన్‌లో శాస్త్ర పరిశోధన సంస్థలకు కొనుగోలు పరిమితులు పెంచింది: కొటేషన్లు లేకుండా 2 లక్షల దాకా, కొనుగోలు కమిటీ ద్వారా 25 లక్షల దాకా. రాష్ట్ర యూనివర్సిటీల్లో అక్కడి సొంత నియమాలు అడ్డురావచ్చు, ఆర్థిక విభాగం నుంచి రాతపూర్వకంగా తీసుకోండి.

ఏటా మార్చి 31 తర్వాత పంపాల్సినవి:

- వినియోగ ధ్రువపత్రం, అందరూ యూసీ అనేది: జీఎఫ్ఆర్ (కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమాలు) 12-ఏ ఫారంలో
- హెడ్ల వారీ ఖర్చుల పట్టిక
- పురోగతి నివేదిక
- వడ్డీ వచ్చి ఉంటే దాన్ని తిరిగి జమ చేసిన రసీదు

ఈ కాగితాలు వెళ్లకపోతే రెండో విడత రాదు, రెండో విడత రాకపోతే జేఆర్ఎఫ్‌కు జీతం ఆగుతుంది. పరిశోధన బాగా నడుస్తున్న ప్రాజెక్టులు కూడా ఇక్కడే చిక్కుకుంటాయి. ఆర్డరు ఇచ్చి ఇంకా చెల్లించని మొత్తాన్ని ఖర్చుగా చూపించడం, ముందు ఏడాది మిగులును ఈ ఏడాది మొదటి వరుసలోకి తేకపోవడం, జీతాల హెడ్‌లో మంజూరు కంటే వెయ్యి రూపాయలు ఎక్కువ ఖర్చు కావడం: యూసీ వెనక్కి రావడానికి సాధారణ కారణాలు ఈ మూడే.

కొన్న ప్రతి పరికరాన్నీ సంస్థ ఆస్తుల రిజిస్టరులో రాయించి, దాని మీద ప్రాజెక్టు నంబరు అతికించండి. పేపర్లలో కృతజ్ఞతల కింద అదే నంబరు ఉండాలి. "ఏఎన్ఆర్ఎఫ్‌కు ధన్యవాదాలు" అని ఊరుకుంటే ఆ పేపర్ తుది నివేదికలో మీ లెక్కకు రాకపోవచ్చు.

ప్రాజెక్టు ముగియడానికి ఆరు నెలల ముందు కొత్త కొనుగోళ్లు ఆపండి. గడువు పొడిగింపు కావాలంటే అప్పుడే అడగాలి, కారణం, మిగిలిన పని, మిగిలిన డబ్బు మూడూ చూపిస్తూ. పొడిగించినా అదనపు నిధులు సాధారణంగా ఇవ్వరు, కాబట్టి ఆ నెలలకు జేఆర్ఎఫ్ జీతం జీతాల హెడ్‌లో మిగిలి ఉందో లేదో ముందే చూసుకోండి.